ఆకలికో కోడ్ ఉంది: జెడ్59.41

రాత్రి ఒంటిగంట నలభై. మాదాపూర్‌లో మా ఆఫీసు ఐదో అంతస్తు. నా స్క్రీన్ మీద అమెరికాలో ఎక్కడో ఓ ఆసుపత్రిలో చేరిన పెద్దావిడ చార్టు తెరిచి ఉంది. షుగర్ బాగా పడిపోయి ఎమర్జెన్సీకి వచ్చింది. డాక్టర్ రాసిందంతా చదివి కోడ్లు వేశాను. చివర్లో సోషల్ వర్కర్ రాసిన ఒక్క ముక్క కనిపించింది. నెలాఖరుకి ఇంట్లో తిండి అయిపోతోందట. ఇన్సులిన్ మాత్రం టైముకి తీసుకుంటోందట.

దానికీ కోడ్ ఉంది. జెడ్59.41. అర్థం: తిండికి భరోసా లేకపోవడం. టైప్ చేశాను, ఎంటర్ కొట్టాను.

అప్పుడే ఫోన్ వణికింది. వాట్సాప్‌లో మా చిన్నమ్మ ఒక ఫోటో పంపింది. బరువు తూచే మెషీన్, దాని మీద రెండు పాదాలు, మధ్యలో 42 అంకె. కింద ఒక వాయిస్ మెసేజ్. చెవిలో పెట్టుకుని విన్నా. "బిడ్డా, మీ చిన్నాయన మళ్ల రెండు కిలోలు దిగిండు. గోలీలు ఒక్కనాడు గూడ తప్పలే. మరి గిట్లెందుకైతుందే?"

సముద్రాల అవతలి ఆకలికి నా దగ్గర కోడ్ ఉంది. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో రేకుల గదిలో ఉన్న చిన్నాయనకు ఏం కోడ్ వేయాలి? ఆ రాత్రి మొదలైన ప్రశ్నే ఈ కథ.

బాతు గుద్దితే కూడా కోడ్!

ముందు నా పని గురించి రెండు ముక్కలు. నేను మెడికల్ కోడర్‌ని. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి, పరీక్ష రాసి, ఈ ఉద్యోగంలోకి వచ్చా. మన హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, మీ ఫ్రెండ్స్‌లో కూడా ఒకరు ఉండే ఉంటారు. అమెరికా డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ కోడ్ వేస్తాం. ఆ కోడ్ల ఆధారంగానే ఆసుపత్రికి బిల్లు డబ్బులొస్తాయి.

అక్కడ వాడే ఐసీడీ-10 జాబితాలో 70 వేలకు పైగా కోడ్లున్నాయి. బాతు గుద్దితే డబ్ల్యూ61.62. జోక్ కాదు, నిజంగా ఉంది. ట్రైనింగ్‌లో అందరం నవ్వుకున్నాం.

నవ్వు రాని కోడ్లు జెడ్55 నుంచి జెడ్65 దాకా ఉంటాయి. చదువు రాకపోవడం, పని పోవడం, ఇల్లు లేకపోవడం, ఒంటరిగా బతకడం అన్నీ అక్కడే. 2021 అక్టోబర్‌లో తిండి కొరతకు ప్రత్యేకంగా జెడ్59.41 వచ్చింది. మరుసటి ఏడాది, ఆసుపత్రికి వెళ్లడానికి బండి దొరకకపోవడానికీ ఓ కోడ్ వచ్చింది. ఇవి జబ్బులు కావు, జబ్బు వెనకున్న బతుకులు. మామూలుగా మేం కోడ్ వేయాలంటే డాక్టరే రాసి ఉండాలి. వీటికి మాత్రం నర్సో, సోషల్ వర్కరో రాసినా సరిపోతుంది. ఎందుకంటే ఆ మాట రోగి డాక్టర్‌తో చెప్పడు, పక్కన కూర్చుని అడిగినవాళ్లతో చెబుతాడు.

ఇంత ఏర్పాటు ఉన్నా, వేసేవాళ్లు తక్కువ. 2019లో అమెరికా మెడికేర్ బిల్లుల లెక్క తీస్తే, ఈ కోడ్లు పడినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అక్కడ పేదరికం అంత తక్కువా? కాదు. అడగలేదు, రాయలేదు, అంతే. 2023 అక్టోబర్ నుంచి ఇల్లు లేని రోగి అని కోడ్ వేస్తే ఆసుపత్రికి వచ్చే డబ్బు పెరిగేలా లెక్క మార్చారు. ఇల్లు లేనివాడిని కోలుకునేలా చేయడానికి ఎక్కువ ఖర్చవుతుందని ఒప్పుకున్నట్టే కదా. చేర్చుకున్న ప్రతి రోగినీ తిండి, ఇల్లు, రవాణా గురించి అడిగారా లేదా అన్నది ఆసుపత్రులు లెక్క చెప్పాలని 2024లో తప్పనిసరి చేశారు. 2025లో ఆ నిబంధనను తీసేశారు. కాలమ్ పెట్టడమూ మనుషుల చేతిలోనే, తీసేయడమూ మనుషుల చేతిలోనే.

చిన్నాయన ఫైలు

మాది పాలమూరు వైపు, కోస్గి దగ్గర. చిన్నాయన పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. మీరు గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో చూసే టవర్లకు స్లాబు వేసే ముందు కింద ఇనుప పలకలు, కర్రలు కట్టేది ఈయనలాంటివాళ్లే. పనిచేసే చోటుకి దగ్గర్లో రేకుల గది. ఒకటే గది, ఒకటే తలుపు, కిటికీ లేదు. అందులో చిన్నాయన, చిన్నమ్మ, తొమ్మిదో తరగతి చదివే మా చెల్లె.

దగ్గు మొదలైన నెలన్నర దాకా సిరప్పులే తాగాడు. సిమెంటు దుమ్ము అనుకున్నాడు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ప్యాంటు నడుము దగ్గర వదులవడం. చివరికి నేనే బస్తీ దవాఖానాకు తీసుకెళ్లా. అక్కడి నుంచి తెమడ పరీక్షకు పంపారు. టీబీ. మామూలు మందులకు లొంగే రకమేనని తేలింది. ఆరు నెలల కోర్సు, మందులు ఉచితం.

అక్కడే ఆయన పేరు నిక్షయ్‌లోకి ఎక్కింది. దేశంలో టీబీ రోగుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఇది. 2012లో మొదలైంది. క్షయ లేకుండా చేయడం అని పేరు. ప్రతి రోగికీ ఒక ఐడీ నంబర్. ఏ ఊరికి మారినా ఆ నంబర్‌తో మందులు తీసుకోవచ్చు. వలస కూలీకి ఇది చిన్న విషయం కాదు. కాగితం పోగొట్టుకుంటే వెనకటిలా చికిత్స మొదటికి రాదు.

పేరు, వయసు, బరువు 43 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. మొబైల్ నంబర్ అడిగారు. చిన్నాయన ఫోన్‌లో రీచార్జ్ అయిపోయి నెలైంది. "మేస్త్రి నంబర్ రాయిరా బిడ్డా, ఆయనైతే కచ్చితంగ చెప్తడు" అన్నాడు. రాయించాను. నేనే రాయించాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అన్నీ ఆకుపచ్చ రోజులే

మొదటి రెండు నెలలు బాగానే సాగింది. జ్వరం తగ్గింది. బరువు 44కి పెరిగింది. డబ్బు అవసరమై చిన్నాయన మెల్లగా పనిలోకీ వెళ్లాడు. రెండో నెలాఖరు తెమడ పరీక్షలో క్రిమి కనిపించలేదు. మూడో నెల చివర వచ్చిందే ఆ 42 కిలోల ఫోటో.

మర్నాడు షిఫ్టు అయ్యాక నిద్రపోకుండా అక్కడికే వెళ్లా. మందులిచ్చే కార్యకర్త అక్క చాలా మంచిది. తన ట్యాబ్ తిప్పి చూపించింది. క్యాలెండర్‌లో గోలీ వేసుకున్న ప్రతి రోజూ ఆకుపచ్చ. మూడు నెలలు మొత్తం పచ్చగా, పొలంలా ఉంది. బరువు రాసే చోటు కూడా ఉంది. బరువు ఎందుకు తగ్గిందో రాసే చోటు మాత్రం నాకు కనపడలేదు.

కోడర్‌గా నాకున్న ఒకే ఒక్క అలవాటు, రాయని మాటను వెతకడం. గదికి వెళ్లి కూర్చుని ఒక్కొక్కటీ అడిగాను.

"పనికి పోతుండా?"

చిన్నమ్మ తల దించుకుంది. చిన్నాయనే చెప్పాడు. "నాలుగు వారాలైతుంది. మేస్త్రి వద్దన్నడు."

విషయం ఇది. మేస్త్రి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. అందులో టీబీ అన్న మాట లేదట. నిక్షయ్ అన్న పేరు, మా చిన్నాయన పేరు ఉన్నాయి. మేస్త్రి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. గూగుల్ చేశాడు. అంతే. మర్నాడు పొద్దున అడ్డా మీద అందరి ముందూ "నువ్వు ఊరికి పో, నయమైనంక రా" అన్నాడు. పని పోతే కూలీ పోయింది, కూలీ పోతే గుడ్లు, పప్పు పోయాయి. పొద్దున చాయ్‌తో మూడు గోలీలు, మధ్యాహ్నం దాకా కడుపులో మంట.

ఆ నంబర్ రాయించింది నేను. పేషెంట్ సమాచారం గోప్యత మీద ఏటా ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యేదాన్ని నేనే. అమెరికా రోగి పేరు పొరపాటున బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని భయపడేదాన్నీ నేనే. మా ఇంటి మనిషి జబ్బును మాత్రం చేతులారా వేరేవాళ్ల ఫోన్‌కి పంపించా.

మేస్త్రి దగ్గరికి వెళ్లాను. మందులు సరిగ్గా మొదలెట్టిన రెండు మూడు వారాల్లోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుందని, ఈయన పరీక్ష కూడా నెగెటివ్ వచ్చిందని చెప్పాను. అంతా విన్నాడు. "నువ్వు చెప్పేది కరెక్టే ఉండొచ్చమ్మా. నాక్కూడా పిల్లలున్నరు" అన్నాడు. పనిలోకి మాత్రం తీసుకోలేదు. ఆయన్ని తిట్టాలనిపించింది గానీ మాట రాలేదు.

జబ్బు ముందు ఎక్కడుంటుంది?

మనకు జబ్బు రావడానికి, వచ్చాక తగ్గడానికి మందు ఒక్కటే కారణం కాదు. ఎలాంటి ఇంట్లో ఉంటున్నాం, ఏం తింటున్నాం, ఏ పని చేస్తున్నాం, ఏ నీళ్లు తాగుతున్నాం, ఎంత చదివాం, పక్కవాడు మనల్ని ఎలా చూస్తున్నాడు, ఇవన్నీ కారణాలే. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలు అంటారు వీటిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిమీద ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. బ్రిటన్‌కు చెందిన మైఖేల్ మార్మోట్ దానికి అధ్యక్షుడు. 2008లో నివేదిక వచ్చింది.

మార్మోట్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఉంది. సుమారు 18 వేలమంది ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది. అయినా కింది స్థాయి ఉద్యోగుల్లో మరణాల రేటు పై అధికారులతో పోలిస్తే మూడు రెట్లు. ఆఫీసు మెట్లలో ఎక్కడ నిలబడ్డారన్నదే ఆయుష్షులో కనపడింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1854. లండన్ సోహోలో కలరా. 600 మందికి పైగా చనిపోయారు. డాక్టర్ జాన్ స్నో చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాప్ మీద గీతలుగా గుర్తు పెట్టుకుంటూ పోయాడు. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతి పంపు చుట్టూ గుమిగూడాయి. సెప్టెంబర్ 8న ఆ పంపు పిడి ఊడదీయించారు. ఇవాళ మనం డ్యాష్‌బోర్డ్ అంటున్నది ఆ మ్యాప్‌కి మనవరాలే. తేడా ఒక్కటే. స్నో మ్యాప్ చూశాక ఎవరో ఒకరు వెళ్లి పిడి ఊడదీశారు. మన డ్యాష్‌బోర్డులు చాలావరకు మీటింగ్‌లో చూసి మూసేస్తారు.

జార్ఖండ్ చెప్పిన లెక్క

ఆ వారం నేను చదివినవాటిలో నా నిద్ర పోగొట్టింది జార్ఖండ్ అధ్యయనం. పేరు రేషన్స్. మంగళూరులోని యెనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దంపతులు ముందుండి నడిపారు. 2019 నుంచి 2022 దాకా 4 జిల్లాల్లో సాగింది. 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది కుటుంబ సభ్యులు.

రోగులందరికీ నెల నెలా తిండి సరుకులు ఇచ్చారు. కుటుంబాలను మాత్రం రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో ఇంట్లోని పెద్దవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ గోలీలు. రెండో గుంపుకు అవి లేవు. 2023 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. రోగుల విషయానికొస్తే, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువ.

కిలోన్నర కందిపప్పు! కొత్త వ్యాక్సిన్ కాదు, కొత్త యాప్ కాదు.

మన దేశంలో 2023లో సుమారు 28 లక్షలమందికి టీబీ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలో ప్రతి నాలుగు కేసుల్లో ఒకటి మనదే. అందుకే ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తోంది. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేసింది. మరి చిన్నాయన ఖాతాలో పడ్డాయా? పడలేదు. ఇచ్చిన పాస్‌బుక్ ఎప్పుడో ఉపాధి హామీ రోజులది. ఏళ్ల తరబడి లావాదేవీ లేక ఖాతా నిద్రపోయింది. డబ్బు వెళ్లి తిరిగొచ్చింది. ఆ సంగతి ఎవరికి తెలియాలి? మెసేజ్ వచ్చే నంబర్ మేస్త్రిది.

అధ్యయనం చదువుతుంటే నాకు తట్టింది ఇంకొకటి. మూడు నెలలుగా మేమందరం చిన్నాయన బరువే చూస్తున్నాం. చిన్నమ్మ బరువు ఒక్కసారీ చూడలేదు.

చెల్లె నోట్‌బుక్, నా షీట్

ఆన్‌లైన్‌లో 800 రూపాయలు పెట్టి ఒక బరువు మెషీన్ కొన్నాను. చెల్లెకు ఒక పని అప్పజెప్పా. ప్రతి ఆదివారం పొద్దున ముగ్గురి బరువు. ప్రతి రోజూ మూడు ప్రశ్నలు: అమ్మా నాన్న ఎన్నిపూటలు తిన్నరు? పప్పో గుడ్డో ఎవరు తిన్నరు? ఈరోజు కూలీ ఎంత వచ్చింది? నోట్‌బుక్‌లో రాసి ఫోటో పంపితే నేను గూగుల్ షీట్‌లో ఎక్కించేదాన్ని. ఏఐ లేదు, గొప్ప సాఫ్ట్‌వేర్ లేదు. ఏడు కాలమ్‌లు.

మొదటి ఆదివారమే గుండె జారింది. చిన్నమ్మ 38 కిలోలు. 150 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐ 17 కూడా రాదు. గుడ్డు కాలమ్‌లో వారమంతా ఒకటే పేరు, నాన్న. అడిగితే "ఆయనకు జబ్బు, ఆయన తినాలె. నాకెందుకే?" అంది. ఒకే గది, ఒకే గాలి, చిక్కిపోయిన ఒళ్లు. జార్ఖండ్ లెక్కలో ఎక్కువ భయపడాల్సింది ఎవరి గురించో నాకప్పుడు అర్థమైంది.

మూడో వారానికి షీట్ ఇంకో సంగతి చెప్పింది. ప్రతి నెలా మొదటి వారంలో రెండు రోజులు కూలీ సున్నా. చిన్నమ్మ ఇళ్లలో పని చేస్తుంది. ఆ రెండు రోజులు ఎక్కడికి? "రేషన్ బియ్యానికి ఊరికి పోత. ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదా!" బస్సు ఫ్రీ. రెండు రోజుల కూలీ ఫ్రీ కాదు.

రేషన్ కార్డు ఊళ్లో ఉన్నా హైదరాబాద్‌లోని ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. అంతెందుకు, దేశంలో మొట్టమొదట 2019 ఆగస్టులో ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో పనిచేసేలా ప్రయోగం మొదలెట్టిందే మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య. ఇంత మంచి టెక్నాలజీ ఇంటి పక్క వీధి షాపులో ఉంది. చిన్నమ్మకు చెప్పినవాళ్లు లేరు, అంతే. వెళ్లాం. సిమెంటుతో అరిగిపోయిన చిన్నాయన వేలు మెషీన్ గుర్తుపట్టలేదు. చెల్లె వేలు పెట్టింది, పడింది. సంచిలో సన్నబియ్యం పోస్తుంటే చిన్నమ్మ నావైపు చూసి "గిన్నేండ్లు ఉత్తగనే తిరిగిన్నా?" అంది.

ఆ తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి. నిక్షయ్‌లో మొబైల్ నంబర్ మార్పించి నాది పెట్టించాం, ఈసారి చిన్నాయనను అడిగే. కొత్త ఖాతా తెరిపించాం. ఆగిపోయిన డబ్బు ఐదో నెలలో పడింది. బయటి దాతలు రోగులకు తిండి సరుకులిచ్చే నిక్షయ్ మిత్ర ఏర్పాటు 2022 నుంచి ఉంది, 2024 చివర్లో దాన్ని కుటుంబ సభ్యులకూ పెంచారు. కార్యకర్త అక్క పేరు పెట్టింది. ఒక నెల సరుకులు వచ్చాయి, ఒక నెల రాలేదు. రాని నెల నేను పప్పు కొన్నా. చిన్నమ్మకూ చెల్లెకూ ఎక్స్‌రే తీయించాం. టీబీ లేదు. రాకుండా ముందు జాగ్రత్త గోలీలు ఇచ్చారు.

పక్క రాష్ట్రంలో ఏం చేశారు?

ఒక్క ఇంటికి ఒక అక్క, ఒక చెల్లె ఉంటే సరిపోయింది. లక్షల ఇళ్లకు? ఇక్కడే తమిళనాడు నుంచి నేర్చుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో వాళ్లు టీబీ మరణాలు తగ్గించడానికి ఒక పథకం మొదలెట్టారు. టీబీ అని తేలిన రోజే, ఆసుపత్రి సిబ్బంది కొన్ని తేలిక విషయాలు చూస్తారు: బీఎంఐ ఎంత, కాళ్ల వాపు ఉందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా. వాటి కొలతలను బట్టి ప్రమాదంలో ఉన్నవాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేర్చి, మందుతోపాటు తిండీ పెడతారు. వివరాలు ఓ వెబ్ అప్లికేషన్‌లోకి వెళ్తాయి. ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు అన్నది పైనుంచి కనిపిస్తుంది.

గమనించారా? మొదట మనిషి కొలతలు తీస్తాడు, ఆ తర్వాతే కంప్యూటర్. కంప్యూటర్ చెప్పాక మళ్లీ మనిషే మంచం, అన్నం చూస్తాడు. మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా అటూ ఇటూ చేతులు లేకపోతే పనికిరాదు.

డేటా కూడా తప్పు చెబుతుంది

మనలాంటి ఐటీవాళ్లకు ఒక జబ్బుంది. కాలమ్ ఉంటే చాలు, నిజం దొరికిందనుకుంటాం. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దానికి మంచి మందు. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చడానికి ఒక ఆల్గోరిథమ్ వాడేవారు. జబ్బు తీవ్రతకు బదులు అది వైద్యం మీద అయిన ఖర్చును చూసేది. నల్లజాతివాళ్లకు వైద్యం అందక ఖర్చే తక్కువయ్యేది. దాంతో వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలింది. ఆ తప్పు సరిదిద్దితే అదనపు సాయం అందేవారిలో నల్లజాతివాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు చూపించారు. లెక్కలో తప్పు లేదు, అడిగిన ప్రశ్నలో ఉంది.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. కొన్నేళ్ల క్రితం 99డాట్స్ అని ఒక తెలివైన పద్ధతి వచ్చింది. గోలీ బయటికి నొక్కితే అట్ట వెనక దాగిన ఫోన్ నంబర్ కనిపిస్తుంది. దానికి ఉచితంగా మిస్డ్ కాల్ ఇస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు. మిస్డ్ కాల్ మన దేశానికి తెలిసినంతగా ఎవరికి తెలుసు! కానీ తీరా పరిశీలిస్తే, గోలీ వేసుకుని కాల్ చేయనివాళ్లున్నారు, కాల్ చేసి గోలీ వేసుకోనివాళ్లున్నారు. కాల్ రానివాళ్లందరూ నిర్లక్ష్యం మనుషులు కాదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది పొద్దున్నే భర్తతో పనికి వెళ్లిపోతే ఆమె ఏం చేస్తుంది?

మా చిన్నాయన ఆకుపచ్చ క్యాలెండర్ అబద్ధం చెప్పలేదు. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పింది.

మీ చేతిలో ఉన్న ఫోన్‌తో

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, వాచ్‌మన్ ఇంట్లోనో, మీ బిల్డింగ్ కట్టినవాళ్ల గదిలోనో ఇలాంటి మనిషి ఉండొచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు ఉంటే పరీక్షకు తీసుకెళ్లండి. టీబీ ఉచిత హెల్ప్‌లైన్ 1800-11-6666. మందులు మొదలయ్యాక ఈ నాలుగూ చూడండి.

ఒకటి, రికార్డులో ఎవరి ఫోన్ నంబర్ ఉంది? రోగి తనది గానీ, తను నమ్మి చెప్పినవాళ్లది గానీ అయ్యుండాలి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

రెండు, ఇచ్చిన బ్యాంకు ఖాతా బతికే ఉందా? ఒక వంద రూపాయలు పంపి చూడండి, తెలిసిపోతుంది.

మూడు, రేషన్ ఎక్కడ తీసుకుంటున్నారు? మేరా రాషన్ యాప్‌లో చూసి, దగ్గరి షాపులో అడగండి.

నాలుగు, ఇంట్లో మిగతావాళ్ల బరువు ఎంత? ముఖ్యంగా అందరికీ వడ్డించి ఆఖరున తినే మనిషిది.

మళ్లీ రాత్రి ఒంటిగంట

ఆరో నెలాఖరుకు చిన్నాయన 48 కిలోలు. చివరి పరీక్షలోనూ క్రిమి లేదు. సెంట్రింగ్‌కి ఇక వెళ్లనన్నాడు. ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. గదికి ఒక కిటికీ ఉంది. జీతం మునుపటికన్నా తక్కువే. అప్పు ఇంకా తీరలేదు. అన్నీ బాగైపోయాయని రాయలేను.

నా పనిలో మాత్రం ఒకటి మారింది. ఇదివరకు చార్టు తెరవగానే డాక్టర్ నోట్స్‌కి వెళ్లేదాన్ని. సోషల్ వర్కర్ రాసింది టైముంటే చదివేదాన్ని. టార్గెట్ అలాంటిది. ఇప్పుడు ముందు అదే తెరుస్తున్నా. ఎవరో ఒకరు మంచం పక్కన కూర్చుని అడిగి రాసిన మాట అది. నేను దాటేస్తే ఆ మనిషి ఆకలి లెక్కలోకే రాదు.

మొన్న ఆదివారం చెల్లె నోట్‌బుక్ ఫోటో వచ్చింది. చికిత్స అయిపోయింది కదా, ఇంకా ఎందుకు రాస్తున్నావే అని అడిగా. "నాన్నకు అయిపోయింది అక్కా. అమ్మకు గాలేదు" అంది.

అమ్మ: 41 కిలోలు. గుడ్డు కాలమ్‌లో వారంలో నాలుగు రోజులు అమ్మ పేరుంది.